పేపరు మీద రెండో పేరు

పోయిన నెల మైదుకూరులో పళ్ళ డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చుని ఉంటే జేబులో ఫోను టింగుమంది. తీసి చూస్తే మెయిలు. మీ పరిశోధన పేపరును కొత్తగా ఒకరు తమ పేపరులో ఆధారంగా చూపించారు, అని అందులోని సంగతి.

నేను జన్మలో ఒక్క పేపరు రాసి ఎరగను. కడప, మైదుకూరు మధ్య రోడ్డు మీదున్న ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో లైబ్రేరియనుగా చేసి రిటైరైనవాణ్ణి. ఒకరు రాసినవి ఇంకొకరికి అందించడంతోనే నా సర్వీసు గడిచిపోయింది. ఆ మెయిలు మా కాలేజీలో పాఠాలు చెప్పిన మేడంకు రావలసింది. ఆమె తన అడ్రసు ఇవ్వకుండా నాది ఇచ్చింది. "నాకే వస్తే పొద్దంతా దాన్నే చూసుకుంటా కూచుంటానన్నా. నీకు రానీ. వారానికొకసారి నేనొచ్చి అడుగుతా" అనేది.

ఆమె పోయి ఏడాది దాటింది. మెయిళ్ళు మాత్రం ఆగలేదు. ఈసారి రాసినవాళ్ళు ఎవరో, ఏ దేశమో నాకు అంతు పట్టలేదు. వాళ్ళ పేపరు చివరి పేజీలో చిన్న అక్షరాల్లో మేడం పేరు ఉంది. దాని పక్కనే రెండో పేరు ఉంది. ఆ రెండో పేరు చూసి నాకు తెలియకుండానే నవ్వేశాను. "ఏమప్పా, పన్ను నొప్పి అని వచ్చి నవ్వుతాండావే?" అన్నాడు కాంపౌండరు. చెబితే పెద్ద కథ. నా వంతు వచ్చేసింది. అందుకే ఇక్కడ చెబుతున్నాను.

మేడంది ఓర్వకల్లు పక్కన ఒక పల్లె. పొట్టి మనిషి. నడిస్తే పరుగులా ఉండేది. చీర కుచ్చిళ్ళు ఎప్పుడు చూసినా జానెడు మేర తడిసే ఉండేవి. పొద్దున బొరుగుల ఉగ్గాని తింటూ పచ్చిమిరపకాయ కొరికి, కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగానే క్లాసుకు పోయేది. మా లైబ్రరీలోకి సంచులు తేకూడదని నియమం. చేరిన వారంలోనే ఆమె భుజాన సంచితో వచ్చింది. బయట పెట్టమన్నాను. పెట్టింది. బెంచీ కుయ్యిమని ఒక పక్కకు ఒరిగింది. తెరిచి చూస్తే అన్నీ రాళ్ళు.

"ఏంటికి మేడం ఇవి?"

"ఓర్వకల్లు నుంచి వస్తా దావలో బస్సు ఆగిన కాడల్లా ఏరుకొచ్చినా. ఒక్కొక్కటీ తూకం వేసి రంగు పూయల్ల. అవునన్నా, మీ దగ్గర చిన్న త్రాసు ఏమన్నా ఉండాదా?"

లైబ్రరీలో త్రాసు అడిగినవాళ్ళను నేను అంతకుముందు చూడలేదు, ఆ తరువాతా చూడలేదు. పిల్లలు నెల తిరక్కుండానే రాళ్ళ మేడం అని పేరు పెట్టేశారు.

ఆమె పని సముద్రపు కట్టల మీద. రేవుల్లో పడవలను అలల నుంచి కాపాడటానికి సముద్రంలోకి రాళ్ళు పోసి పొడుగ్గా కట్ట కడతారు. ఏ రాయి ఎలా ఉంటే, ఎలా పెడితే అల దాన్ని పెరికెయ్యలేదు అన్నది ఆమె పరిశోధన. కడపలో కూర్చుని సముద్రమేమిటని అడగనివాళ్ళు లేరు. ఆమె విసుక్కునేది కాదు. "రెండుసార్లు పోయి చూసినా సముద్రాన్ని. ఒకటే గోల. ఏ అల ఎంతుండాదో లెక్క తేలదు. నా తొట్టిలో అల అయితే చెప్పినట్టు వింటాది" అనేది.

ఆ తొట్టి ఆమె ప్రాణం. కాలేజీ కట్టేటప్పుడు సిమెంటు మూటలు దాచిన రేకుల షెడ్డు ఒకటి ఖాళీగా పడి ఉంటే అడిగి తీసుకుంది. ఒక పక్క కడప బండలు, ఒక పక్క అద్దాలు నిలబెట్టి, బస్సుకు రెండింతల పొడుగున తొట్టి కట్టించింది. ఒక కొసన మోటారుతో ముందుకూ వెనక్కీ ఊగే ఇనుప రేకు. అది నీళ్ళను తోస్తే అల పుడుతుంది. రెండో కొసన వాలుగా పేర్చిన రాళ్ళ కట్ట. అల పోయి కట్టను కొడుతుంటే ఈమె అద్దానికి ముక్కు ఆనించి, ఏ రంగు గీత ఉన్న రాయి ఎప్పుడు కదిలిందో నోటు పుస్తకంలో రాసుకునేది.

ఒక ఎండాకాలం బోర్లు ఎండిపోయి కాలేజీకి ట్యాంకర్లు తెప్పిస్తున్నారు. ప్రిన్సిపాలు కోపంగా షెడ్డుకు వచ్చాడు. నేనూ ఆయన వెంట ఉన్నాను.

"ఏం మేడం, హాస్టల్లో పిల్లోళ్ళు బకెట్లు పట్టుకుని నిలబడ్డారు. మీరు ఈడ నీళ్ళకు ఊయల ఊపుతాండారా?"

"సార్, ఈ నీళ్ళు నిరుడు పోసినవి. పారబోయలేదు, కొత్తవి పోయలేదు. ఎండకు ఆవిరి కాకుండా ప్లాస్టిక్ పట్టాలు కప్పి కాపాడుకుంటాండా. కావాలంటే వాసన చూడండి."

ప్రిన్సిపాలు వంగి వాసన చూశాడు. చేతిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుని తిరిగి వెళ్ళిపోయాడు. ఆ తరువాత నీళ్ళ మాట ఎత్తలేదు.

పత్రికలకు ఆమె పంపిన పేపర్లు, అక్కడ వాటిని పరీక్షించినవాళ్ళ రాతలతో తిరిగి వచ్చేవి. తిరిగొచ్చినప్పుడు దాచుకునేది కాదు. నా బల్ల ముందు నిలబడి, తీర్పు చెప్పే జడ్జిలాగా గట్టిగా చదివేది. ఒకరు, ఈ రచయితకు తీర ప్రాంతంతో పరిచయం లేనట్టుంది, అని రాశారు. "నిజమే కదన్నా, ఎంత బాగా కనిపెట్టినారో" అని నవ్వింది. ఇంకొకరు ఆమె కొలతల్లో తప్పు ఎక్కడుందో పేజీ నిండా రాశారు. దాన్ని మాత్రం నవ్వకుండా రెండుసార్లు చదివింది. తీసుకుపోయి తన బీరువా తలుపుకు లోపలివైపు అంటించుకుంది. "తిట్టినోళ్ళు శానా మంది ఉంటారు. చదివి తిట్టినోళ్ళు ఒకరో ఇద్దరో" అంది.

ఆమెను ఏళ్ళ తరబడి ఏడిపించింది పలక రాయి. క్వారీలో రాయి పగలగొడితే గుండుగా వచ్చేవి కొన్ని, పలకలుగా వచ్చేవి కొన్ని. సముద్రపు కట్టలకు పలకలు పనికిరావని పక్కన పారేస్తారు. అల వాటిని అట్ల మాదిరి తిరగేస్తుందట. మా సీమలో ఎక్కడ చూసినా పలకలే. వీటిని నిలబెట్టే పద్ధతి ఒకటి దొరికితే పారేసిన రాయంతా పనికొస్తుందని ఆమె పట్టు. అటు పెట్టింది, ఇటు పెట్టింది, పక్కకు నిలబెట్టింది, ఒకదానికొకటి సందు లేకుండా బిగించింది. కాసేపు నిలబడేవి. తరువాత నడుమ ఒకటి ఉబికేది, దాని వెంట పదీ లేచిపోయేవి.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం నేను ఇంటికి పోతూ షెడ్డు ముందు ఒక ముసలాయన గొంతుక్కూర్చుని ఉండటం చూశాను. తలకు టవలు చుట్టుకుని బీడీ తాగుతున్నాడు. కొత్త వాచ్‌మన్ అనుకున్నాను. "పెద్దాయనా, చీకటి పడకముందే ఆ గేటు వేసెయ్" అన్నాను. "అట్లనే నాయనా" అని లేచి గేటు వేసి వచ్చాడు.

మర్నాడు మేడం చెప్పింది, ఆయన తన తండ్రి అని. ఈమెకు జ్వరంగా ఉందని తెలిసి చూడటానికి వచ్చాడట. చచ్చే సిగ్గయింది. నేను క్షమాపణ చెబుతుంటే ఆయనే అడ్డుపడ్డాడు. "ఏం కాదులే అప్పా. గేటు వేయల్ల కదా, ఎవురో ఒకరు వేయల్ల."

ఆయన జీవితమంతా చెరువు కట్టలకు రాళ్ళు పేర్చిన మేస్త్రి. కర్నూలు జిల్లాలో ఎక్కడ కట్ట జారినా ఆయనకు కబురు వచ్చేదట. సంతకం వరకు నేర్చుకున్నాడు, అంతే. ఆ వచ్చినవాడు నాలుగు రోజులు ఉండిపోయాడు. కూతురు అలలు కొట్టిస్తుంటే పక్కన స్టూలు వేసుకుని చూసేవాడు. ఏమీ మాట్లాడేవాడు కాదు. మూడో రోజు నేను ఒక పుస్తకం ఇవ్వడానికి షెడ్డుకు పోయినప్పుడు ఆ మాట నా చెవులారా విన్నాను.

"అమ్మా, నువ్వు అల వచ్చి కొట్టేది చూస్తాండావు. రాయి అప్పుడు పోలా. అల వెనక్కి పోయేటప్పుడు పోతాండాది."

మేడం మోటారు ఆపేసింది. "ఇంకోసారి చెప్పు నాయనా."

"చెరువు నిండేటప్పుడు కట్ట జారదు. నీళ్ళు గబాల్న దిగేటప్పుడు జారుతాది. ఏంటికి? లోపల తాగిన నీళ్ళు బయటికి రావల్ల. దావ లేకుంటే రాయిని తోసుకుని వస్తాయి. నువ్వు రాళ్ళను గచ్చు మాదిరి బిగిస్తివి. రాయికి ఊపిరాడల్ల తల్లీ."

టవలు తీసి నడుముకు కట్టుకుని తొట్టిలోకి దిగాడు. పలకలను పొడుగు లోపలికి పోయేట్టు, కొంచెం వెనక్కి వాల్చి, అంచుల మీద నిలబెట్టాడు. కొన్ని రాళ్ళకు ఒకసారి అడుగున చిన్న సందు వదిలి, ఆ సందులో చిల్లరాయి పెట్టాడు. చూడటానికి ఎగుడుదిగుడుగా, తొందరలో పడేసినట్టు ఉంది. మేడం అలలు వదిలింది. మధ్యాహ్నం దాకా వదిలింది. ఒక్క రాయి కదలలేదు.

అక్కడి నుంచి రెండు ఎండాకాలం సెలవులు ఆ తండ్రీ కూతుళ్ళు ఆ షెడ్డులోనే ఉన్నారు. సందు ఎంత ఉండాలి, వాలు ఎంత ఉండాలి, ఎంత అలకు ఓడిపోతుంది, అన్నీ. ఆయన చేత్తో చూపేవాడు, ఈమె కొలిచేది. ఆయన చెప్పింది నిజం కాదని తేలిన సందర్భాలూ ఉన్నాయి. "ఈసారి నువ్వే గెలిస్తివి పో" అని లేచి బీడీకి పోయేవాడు.

పేపరు రాసింది. పైన తన పేరు, పక్కన తండ్రి పేరు. ఆ పత్రికవాళ్ళు రెండో రచయిత ఏ సంస్థలో పని చేస్తారని అడిగారు. ఈమె పల్లె పేరు రాసి, చెరువు కట్టల మేస్త్రి అని ఇంగ్లీషులో రాసి పంపింది. వాళ్ళు ఇంకేమీ అడగకుండా అట్లాగే అచ్చు వేశారు. ఆ రోజు లైబ్రరీలో పుస్తకాలు చదువుకుంటున్న పిల్లలందరికీ ఉగ్గాని, బజ్జీలు పంచిపెట్టింది. లైబ్రరీలో తిండి పెట్టకూడదని నియమం. నేనూ రెండు బజ్జీలు తిన్నాను.

పరిశోధన చేసేవాళ్ళకు పేపరు అచ్చు కావడంతో సగం పనే అయినట్టు. దాన్ని ఇంకొకరు తమ పేపరులో ఆధారంగా చూపాలి. సైటేషన్ అంటారు. ఎంతమంది అలా చూపితే అంత విలువ. మేడం దానికి తన మాట ఒకటి పెట్టుకుంది. శనివారం వచ్చి నా బల్ల మీదికి వంగి, "ఏమన్నా, మమ్మల్ని ఎవురన్నా తలుచుకున్యారా?" అనేది. లేదంటే, "అదే అనుకుంటి, ఈ వారమంతా ఒక్కసారి కూడా పొలమారలేదు" అని నవ్వుతూ పోయేది. చాలా ఏళ్ళు పొలమారలేదు.

అప్పుడే కాలేజీ యాజమాన్యం మారింది. కొత్తవాళ్ళు ఒక రూలు తెచ్చారు. ఎవరి పరిశోధన ఎంతమంది వాడారో లెక్క చూపాలి. చూపగలిగినవాళ్ళకే ప్రొఫెసరు పదవి, పరిశోధనకు గది. చూపలేనివాళ్ళు పాఠాలు చెప్పుకుంటే చాలు. బయటి నిపుణుడితో కలిపి ముగ్గురి కమిటీ వస్తుందన్నారు. అలల తొట్టిని కొట్టేసి ఆ షెడ్డును కాలేజీ బస్సులకు ఇవ్వాలని ఒక కాగితం కూడా తయారైంది. దాని మీద సంతకం ఒక్కటే తక్కువ.

జాబితాలు తీసి ఇచ్చే పని నాది. మేడం పేరు కొట్టి తీస్తే వచ్చిన సైటేషన్లకు ఒక చేతి వేళ్ళు చాలు. ఆమె కాగితం చూసి మడిచి సంచిలో వేసుకుంది. "మన రాత ఇంతే అయితే ఇంతే" అంది. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు.

నాకు మనసు ఒప్పలేదు. ఆ వారమంతా కూర్చుని వెతికాను. మన పేర్ల సంగతి తెలిసిందే. ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందుంటుంది, పేరు తరువాత వస్తుంది. ఆ పత్రికలో ఆ అక్షరమే పేరైపోయి, పేరు రెండు ముక్కలై తిరగబడింది. కంప్యూటరు దృష్టిలో ఆ పేపరు రాసినామె వేరే ఎవరో. ఆ వేరే ఆమె పేరు కొట్టాను. జాబితా వచ్చింది. కిందికి జరిపే కొద్దీ వస్తూనే ఉంది. ఉత్తరాన చలి సముద్రాల దగ్గరివాళ్ళు, దీవుల్లోవాళ్ళు, మన తూర్పు తీరంలోవాళ్ళు. ఇన్నాళ్ళూ వాళ్ళంతా తలుచుకుంటూనే ఉన్నారు. పేరు తిరగబడటంతో ఆ మెయిళ్ళేవీ మన దాకా రాలేదు, మనకే వినపడలేదు.

ప్రింటు తీసుకుని షెడ్డుకు పరిగెత్తాను. నా వయసుకు అది పరుగే. మేడం తడి చేతులు చీరకు తుడుచుకుని కాగితాలు తీసుకుంది. చదువుతూ చదువుతూ తొట్టి గట్టు మీద కూర్చుండిపోయింది. "అన్నా, ఇవన్నీ నాకు చదవడానికి తెప్పించు" అంది.

"ఏంటికి మేడం? లెక్క చూపిస్తే చాలు కదా."

"నిజంగా చదివి తలుచుకున్యారో, ఊరికే పేరు పెట్టినారో చూడల్ల కదా."

తెప్పించాను. అన్నీ చదివింది. ఊరికే పదిమందిలో ఒకరిగా తన పేరు చేర్చినవాటి పక్కన, గుంపులో గోవింద, అని రాసి కొట్టేసింది. తన పాత పేపరును తానే చూపుకున్నవి, సొంత డబ్బా, అని కొట్టేసింది. నేను తలపట్టుకున్నాను. మిగిలినవాటిలో ఒకటి ఆమెను తప్పు పట్టింది. నిటారుగా లేచే అలలకు ఈ పద్ధతి నిలవదని అందులో ఉంది. అది తీసేద్దాం మేడం అన్నాను. ఆమె దాన్ని జాబితాలో అన్నిటికంటే పైన పెట్టింది. "తొట్టిలో మళ్ళా చేసి చూసినా. ఆయన చెప్పిందే నిజం. మా పద్ధతికి హద్దు యాడుందో చెప్పినోడు ఆయనొక్కడే." ఇంత కొట్టేసినా కమిటీ అడిగినదానికి మించే మిగిలాయి.

ఇక భయం లేదనుకున్నాను. కమిటీ వచ్చింది. కాగితాలు అందించడానికి నన్నూ గదిలో కూర్చోబెట్టారు. బయటి నిపుణుడు తీరంలోని ఒక పెద్ద చదువుల సంస్థలో పని చేసి రిటైరైన పెద్దమనిషి, మెల్లగా మాట్లాడేవాడు. రెండో ఆయన యాజమాన్యం తరఫు సభ్యుడు, ఇస్త్రీ మడత నలగని మనిషి. మూడో ఆయన మా ప్రిన్సిపాలు.

జాబితా చూసి నిపుణుడు తలాడించాడు. యాజమాన్యం సభ్యుడు మాత్రం ఆ పేపరు మొదటి పేజీ మీద వేలు పెట్టాడు.

"ఈ రెండో పేరు ఎవరిదమ్మా? మీ ఇంటిపేరు అక్షరమే దీనికీ ఉందే."

"మా నాయనదండి."

"ఏం చదివారు?"

"సంతకం వచ్చు."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. ఇంట్లోవాళ్ళ పేర్లు పేపర్ల మీద పెట్టడం పెద్ద తప్పు అన్నాడు. పత్రికకు తెలిస్తే పేపరు వెనక్కి తీసుకుంటారు, కాలేజీ పరువు పోతుంది అన్నాడు. తరువాత గొంతు మెత్తన చేశాడు. "చూడమ్మా, తండ్రి మీద ప్రేమతో పెట్టానని ఒక కాగితం రాసివ్వండి. పేరు తీసేయమని పత్రికకు మేం రాస్తాం. పేపరు మీకే ఉంటుంది, పదవి వస్తుంది. ఇంతటితో వదిలేద్దాం."

మేడం లేచి నిలబడింది. "ప్రేమతో పెట్టేదయితే మా అమ్మ పేరు గూడా పెట్టి ఉంటాను సార్. పని చేసినాడు కాబట్టి పెట్టినాను."

"అనడం కాదు. రుజువు కావాలి."

"మీరు రేపు గూడా ఉంటారు కదా. పిలిపిస్తాను."

వరండాలోకి రాగానే నేను ఆమె వెంటపడ్డాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేసే మాట అన్నాను. "మేడం, ఒక్క కాగితమే కదా. పెద్దాయనకు ఈ పేపర్ల సంగతి ఏం తెలుసు? పేరున్నా లేకున్నా ఆయనకు ఒకటే. తొట్టి మిగులుతాది, రాసిచ్చేయండి."

ఆమె నా మీద కోప్పడలేదు. "అన్నా, నువ్వు లైబ్రరీలో ఒక్క పుస్తకం మీద రాసినోడి పేరు చింపి అరలో పెడతావా?" అంది. అంతే. పెద్దాయన ఏ బస్సుకు వస్తాడని అడిగాను.

మర్నాడు పొద్దున కర్నూలు నుంచి కడప పోయే బస్సులో ఆయన దిగాడు. నేనే మోటారు సైకిలు మీద పోయి తీసుకొచ్చాను. తెల్ల పంచె, తలకు కొత్త టవలు, చంకలో సంచి. దావలో, "ఏమప్పా, నా బిడ్డ ఏం తప్పు చేసిందంట?" అని అడిగాడు. నీ పేరు పెట్టినందుకు అని చెప్పాను. "నేను వద్దంటి. వింటే కదా" అన్నాడు. ఆ గొంతులో బాధ ఎంతో, మురిపెం ఎంతో నాకు తేల్చుకోవడం చేతకాలేదు.

షెడ్డులో కమిటీ ముగ్గురూ నిలబడ్డారు. మేడం తొట్టిలో కట్ట వాలును పక్కపక్కన రెండు భాగాలు చేసి మధ్యలో అద్దం పలక నిలబెట్టింది. ఒక పక్క మీరు పేర్చండి సార్, ఒక పక్క మా నాయన పేరుస్తాడు, రెండింటికీ అదే రాయి, అదే అల, అంది. యాజమాన్యం సభ్యుడు నవ్వి చొక్కా చేతులు మడిచాడు. తాను కూడా సివిల్ ఇంజనీరేనట, ఎన్నో బిల్డింగులు కట్టించాడట. పొడి వాలు మీద మోకాళ్ళేసి శ్రద్ధగానే పేర్చాడు. పలక పక్కన పలక, సందు లేకుండా, చెయ్యి పెట్టి రుద్దితే నున్నగా ఉండేట్టు. నిపుణుడు కూడా ఒక వరస సాయం పట్టాడు. అవతలి పక్క ముసలాయన చేతికి కూతురు ఒక్కొక్క రాయీ అందిస్తోంది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, దాని ముఖం ఏదో కనుక్కుని పెడుతున్నాడు. ఆఖరికి పైకి లేచి ఇవతలి పక్క చూశాడు.

"శానా నున్నగా పెట్టినావప్పా. నీళ్ళకు దావ ల్యా."

ఆ మాట సభ్యుడికి నచ్చలేదు. "చూద్దాంలే పెద్దాయనా" అన్నాడు.

నీళ్ళు నింపి మోటారు వేశారు. అల పోయి కొట్టింది, వెనక్కి వచ్చింది. కొట్టింది, వచ్చింది. మొదట్లో నున్నటి కట్టే బాగా కనిపించింది. అల దాని మీద జారిపోయింది. సభ్యుడు ప్రిన్సిపాలు వైపు చూసి కనుబొమలెగరేశాడు. మేడం ముఖంలో ఏమీ లేదు. అల కొంచెం పెంచింది. కాసేపటికి, వెనక్కి పోతున్న నీళ్ళతో పాటు నున్నటి కట్ట నడుమ ఒక రాయి ఉబికింది. అద్దంలోంచి అందరం చూశాం. మళ్ళీ అల వచ్చి దాన్ని అణిచింది. మళ్ళీ వెనక్కి పోతూ లేపింది. మూడోసారికి ఆ రాయి తిరగబడి కింద పడింది. ఆ తరువాత లెక్కపెట్టే పని లేకపోయింది. కప్పు విప్పినట్టు వరసంతా లేచి వచ్చేసింది.

అవతలి పక్క అల సందుల్లోంచి లోపలికి పోతోంది, అదే దారిన బయటికి వస్తోంది. రాళ్ళు కూర్చున్నచోటనే కూర్చున్నాయి. నిపుణుడు అద్దం దగ్గర వంగి, కళ్ళద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. ఇంకా పెంచమన్నాడు. మేడం పెంచింది. ఇంకా అన్నాడు. "ఇంక పెంచితే మాది గూడా పోతాది సార్, జాబితాలో అన్నిటికంటే పైనున్న కాగితంలో రాసింది ఆ సంగతే" అంది మేడం. ఆయన గట్టిగా నవ్వాడు. అంత మెల్లగా మాట్లాడే మనిషి అలా నవ్వగలడని నేను అనుకోలేదు.

మోటారు ఆపారు. ఆయన ముసలాయన దగ్గరికి పోయి అడిగాడు. "ఇది మీకు ఎవరు నేర్పారు?"

"చెరువు నేర్పింది సామీ. తెగినచోట పోయి కూచుంటే అదే చెప్తాది."

"సందు ఎంత వదలాలో ఎలా తెలుస్తుంది?"

"అది నా బిడ్డ లెక్క కట్టింది. నాకు తెలిసింది చెయ్యి, ఆమెకు తెలిసింది లెక్క. ఆమె లెక్క లేకుంటే ఇది మా ఊరు దాటేది కాదు."

నిపుణుడు ప్రిన్సిపాలు చేతిలోని ఫైలు తీసుకుని, నిలబడే రాశాడు. రాసింది మా అందరికీ చదివి వినిపించాడు. రెండో రచయిత పనిని కమిటీ స్వయంగా చూసింది, ఆ పేరు అక్కడ ఉండటమే న్యాయం, తీసేస్తే అన్యాయం, అని. కింద, ఈమెను ప్రొఫెసరును చేయాలి, ఈ తొట్టిని ముట్టుకోరాదు, అని. సంతకం పెట్టి యాజమాన్యం సభ్యుడికి ఇచ్చాడు. ఆయన నలిగిన ప్యాంటుతో, చేతికంటిన మట్టితో ఒక్క క్షణం నిలబడ్డాడు. తరువాత తానూ పెట్టాడు. పెట్టి, ముసలాయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, "తప్పయింది పెద్దాయనా" అన్నాడు. మనిషన్నవాడు ఆ మాట అందరి ముందు అనడం చిన్న సంగతి కాదు. ఆ రోజు నుంచి ఆయనంటే నాకు గౌరవం.

మా ప్రిన్సిపాలు చప్పట్లు మొదలుపెట్టాడు. తలుపు దగ్గర గుమిగూడిన పిల్లలు షెడ్డు రేకులు ఎగిరిపోయేట్టు ఈలలు వేశారు. నేను లైబ్రేరియనునన్న సంగతి మరిచి నేనూ ఒక ఈల వేశాను. "మేడం, నోరు తీపి చేయల్ల" అని ఒకరు, "మేడం, పెద్దాయనతో ఫోటో" అని ఒకరు. మేడం నవ్వుతోంది, కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి. ఈసారి మిరపకాయ లేదు.

ఈ గోలలో ముసలాయన మా మధ్యలో లేడు. అద్దం దగ్గర ఒక్కడే వంగి నిలబడి, తేటపడుతున్న నీళ్ళలోకి చూస్తున్నాడు. నిపుణుడు దగ్గరికి పోయాడు.

"ఏం చూస్తున్నారు?"

"ఆ కింద ఎర్ర గీత రాయి సామీ. అది కదల్లా గానీ, కూచోవడం సరిగా కూచోలా. నేను పెట్టింది కాదది. ఎవురు పెట్టినారో?"

మేడం పిల్లల్లోంచి దారి చేసుకుని వచ్చి చూసింది. "నేనే పెట్టినా నాయనా. నువ్వు చిల్లరాయి వెతుక్కుంటాంటివని."

"అదే అనుకుంటి. తీసి మళ్ళా పెట్టు."

నిపుణుడు పక్కకు జరిగి దారిచ్చాడు. మేడం చీర కుచ్చిళ్ళు ఎత్తి బొడ్లో దోపుకుంది. తొట్టి గట్టు పట్టుకుని, మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగింది. ప్రొఫెసరుగా ఆమె చేసిన మొదటి పని అది.